లామినేట్ చేసిన నిద్ర

నిద్రమాత్రకి బానిస కావడమంటే అందరూ ఏదో తేలిక పని అనుకుంటున్నారు. కాదండీ! దానికి అర్హతలుండాలి. ఎవరు పడితే వాళ్ళు వెళ్ళి ఒక మాత్ర మింగేసి "నేనూ అలవాటు పడ్డాను" అంటే కుదరదు.

నేనేదో నోటికొచ్చింది రాయట్లేదు. పోయిన నెలంతా ఈ విషయం మీదే పడి చదివాను. బస్సులో చదివాను, ఆఫీసు లిఫ్టులో చదివాను, మీటింగులో బల్ల కింద ఫోన్ పెట్టుకుని చదివాను. ఈ అలవాటు ఎవరెవరికి పట్టుకునే అవకాశం ఎక్కువో డాక్టర్లు జాబితాలు రాసి పెట్టారు. వాటికి 'రిస్క్ ఫ్యాక్టర్లు' అని భయపెట్టే పేరొకటి. నాకైతే అందులో రిస్కేమీ కనపడలేదు. అచ్చం ఉద్యోగ ప్రకటనలా ఉంది! వయసు ఇంత ఉండాలి, అనుభవం ఇంత ఉండాలి, ఒంటరిగా ఉండేవారికి ప్రాధాన్యం, స్త్రీలు తప్పక దరఖాస్తు చేసుకోగలరు!

అందుకని నేను దాన్ని వంద మార్కుల పరీక్షగా మార్చాను. మీ మార్కులు మీరే వేసుకోవచ్చు. అరవై దాటితే ఫస్ట్ క్లాస్. ఎనభై దాటితే మీ మందుల షాపాయన మిమ్మల్ని చూడగానే లేచి నిలబడతాడు.

అసలు ఆ మాత్ర ఎంత గొప్పదో ముందు ఒప్పుకోండి. నిద్ర పట్టని మనిషి మంచం మీద పడుకుని ఏం చేస్తాడు? ఆలోచిస్తాడు! అంతకంటే ప్రమాదం ఇంకేమైనా ఉందా? జీతం ఎందుకు పెరగలేదని ఆలోచిస్తాడు. వారానికో షిఫ్టు ఎందుకు మారుస్తున్నారని ఆలోచిస్తాడు. ఆ మాట వాడు నాకెందుకన్నాడు, నేనెందుకు ఊరుకున్నాను అని ఆలోచిస్తాడు. పొద్దున్నే లేచి ఎవరినో ఒకరిని నిలదీస్తాడు. అదే ఒక మాత్ర వేసుకున్నాడనుకోండి, ప్రపంచం మొత్తం ప్రశాంతంగా ఉంటుంది. వాడు కూడా ఉంటాడనుకోండి, అది వేరే విషయం.

సరే, పరీక్షలోకి వద్దాం.

వయసు యాభై దాటిందా? పది మార్కులు. కుర్రాళ్ళకి పాపం ఇక్కడే దెబ్బ. వాళ్ళు తెల్లారేదాకా ఫోన్ చూసి కూడా, పడుకుంటే పదకొండింటిదాకా లేవరు. వాళ్ళకి మాత్ర దండగ. వయసు పైబడినవాళ్ళ ఒంట్లో ఈ మందు తొందరగా వదలదట. రాత్రి వేసుకున్నది మర్నాడు మధ్యాహ్నందాకా పనిచేస్తుందంటే, ఒక టికెట్టు మీద రెండు ఆటలు చూసినట్టు కాదూ?

ఆడవాళ్ళా? ఐదు మార్కులు ఫ్రీ. ఆడవాళ్ళు ఏ జబ్బు చెప్పినా డాక్టర్లు ఒక పట్టాన నమ్మరు. నడుం నొప్పంటే "కాస్త నడవండమ్మా" అంటారు. గుండెల్లో నొప్పంటే "కాస్త తక్కువ ఆలోచించండమ్మా" అంటారు. "నిద్ర పట్టట్లేదు" అనండి, ఒక్క ప్రశ్న లేకుండా నమ్మేస్తారు! ఇంత గౌరవం ఇంకే జబ్బుకీ లేదు.

షిఫ్టు ఉద్యోగమా? ఈ వారం పగలు, పై వారం రాత్రి, ఆ పై వారం ఏదో సూపర్‌వైజర్‌కే తెలియదా? పదిహేను మార్కులు!

ఇదివరకే సిగరెట్టో తాగుడో ఉందా? లేదంటే మీ నాన్నకో తాతకో ఉండేదా? మీకు ప్రత్యేక కోటా ఉంది. మా ఆఫీసులో నా పక్క సీటాయన ఆ కోటాలోనే చేరాడు. తాగి, దాని మీద మాత్ర వేసుకున్నాడు. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చని పెట్టె మీద రాసే ఉంటుంది. పెట్టె మీద రాసింది చదివే తీరిక ఎవరికుంది చెప్పండి? మూడు రోజులు ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడుకున్నాడు. అంత గాఢమైన నిద్ర మనలాంటి మామూలువాళ్ళకి వస్తుందా?

దిగులుందా? కంగారుందా? దగ్గరివాళ్ళెవరైనా పోయారా? ఇంట్లో ఒక్కరే ఉంటున్నారా? ఒక్కోదానికి పదేసి. ఒకటి చాలక ఒకటిన్నర వేసుకుంటున్నారా? అది ప్రమోషన్. ఎదురు ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టి, స్క్రూడ్రైవర్ అడిగినంత తేలిగ్గా "ఒక మాత్రుంటే ఇస్తారా, రేపు తిరిగిచ్చేస్తాను" అంటే ఇస్తున్నారా? మీకు బోనస్, ఆవిడకి అడ్మిషన్.

ఇప్పుడు మా పిన్ని గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ పరీక్షలో ఫస్ట్ ర్యాంకు ఆవిడదే.

వందకి తొంభై ఏడు! తాగుడు దగ్గర మూడు మార్కులు పోయాయి. ఆ మాట చెబితే కళ్ళద్దాల పైనుంచి చూసి, "అయితే ఏమంటావే, ఇప్పుడు ఆ మూడింటి కోసం మొదలెట్టమంటావా?" అంది.

మా పిన్ని రెడీమేడ్ చొక్కాలు చేసే కంపెనీలో పనిచేస్తుంది. కుట్టడం కాదు, కొయ్యడం. పొడవాటి బల్ల మీద గుడ్డని పొరమీద పొర ఎనభై పొరలు పరుస్తారు. పైన కాగితం నమూనా పెడతారు. అప్పుడు మా పిన్ని కరెంటు కత్తి పట్టుకుని గీత వెంబడి నడుస్తుంది. ఎనభై చొక్కాల చేతులు ఒక్కసారే తెగి చేతికొస్తాయి. గీత తప్పితే ఎనభై చొక్కాలూ పోయినట్టే. గీత మరీ తప్పితే వేళ్ళు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల ఆవిడదే. కంపెనీలో అందరూ 'టేపక్క' అంటారు. మెడలో టేపు వేలాడుతుంది గానీ ఏనాడూ దాన్ని చూడదు. కంటితోనే కొలుస్తుంది. బస్సులో ముందు సీటాయన కాలరు చూసి, "పదిహేనున్నర మెడ. పదిహేను తొడుక్కున్నాడు. అందుకే పక్కకి తిరగలేకపోతున్నాడు పాపం" అంటుంది. ఆ పాపం ఆయనకి వినపడేలా అంటుంది కూడా.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ నేర్పే మొదటి పాఠం ఒక్కటే. కుట్టుకి అర అంగుళం వదలాలి. "కొలత ఎంతైనా ఉండనీ, అంచున అర అంగుళం వదలకుండా కోశావంటే ఆ గుడ్డ ఇంక దేనికీ పనికిరాదు. కుట్టేవాడు దేన్ని పట్టుకుని కుడతాడు, నీ మొహాన్నా?" అంటుంది.

ఆవిడకి నిద్రమాత్ర ఎందుకొచ్చిందంటారా? గురక వల్ల.

ఆవిడ గురక కాదు, బాబాయిది. మా బాబాయి కునుకు తీస్తే కిటికీ అద్దాలు కూడా వంత పాడేవి. ఇరవై ఎనిమిదేళ్ళు పిన్ని దాని మీద ఫిర్యాదు చేసింది. "మీ బాబాయి ఇక్కడ పడుకుంటే పై ఫ్లోర్ వాళ్ళు అక్కడ లేస్తున్నారే" అనేది. దిండు అడ్డం పెట్టింది, చెవుల్లో దూది పెట్టింది, వేరే గదిలో పడుకుంటానని వెయ్యిసార్లు బెదిరించింది. నాలుగేళ్ళ కిందట ఒకరోజు బాబాయి గుండె ఆగిపోయింది. ఇల్లంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ రోజు నుంచి పిన్ని కన్ను మూయలేదు.

మూడు వారాలు చూసి క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు గారు చాలా మంచివారు. మాకోసం పూర్తిగా తొంభై సెకన్లు కేటాయించారు!

"నిద్ర పట్టట్లేదా?"

"లేదు సార్."

"ఆకలి?"

"పర్లేదు సార్."

రాసేశారు. ఎందుకు పట్టట్లేదని అడగలేదు. అడగాలనే ఉండుంటుంది. కానీ బయట నలభై మంది కూర్చుని ఉన్నారు. ఒకరి బాధ వింటే నలభై మందికి అన్యాయం చేసినట్టు కాదూ?

ఆ క్లినిక్‌లో గొప్ప ఏర్పాటు ఒకటుంది. రెండు క్యూలు. డాక్టరుని చూడాలంటే ఒకటి, రెండు గంటలు పడుతుంది. పాత మందులే మళ్ళీ కావాలంటే ఇంకోటి. ఆ గోడకి చిన్న కిటికీ ఉంటుంది, దాని వెనక ఒక క్లర్కు ఉంటాడు. పాత చీటీ లోపలికి తోస్తే, ఒకసారి చూసి, 'పాతవే, ఒక నెల' అని ముద్ర కొట్టిన స్లిప్పు బయటికి తోస్తాడు. రెండు నిమిషాలు! అది పట్టుకుని పక్కనున్న మందుల షాపుకి వెళ్ళడమే. రోగికి టైమ్ ఆదా, డాక్టరుకి టైమ్ ఆదా, క్లర్కుకి ఎవరి మొహమూ చూడాల్సిన పని లేదు. అందరికీ ఇంత సుఖం పంచే కిటికీ ఇంకెక్కడైనా చూశారా?

పిన్ని రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు గారు ఊళ్ళో లేరు. కిటికీ ఉంది. ఆ తర్వాత డాక్టరు గారు ఉన్నా, పిన్నికి కిటికీ అలవాటైపోయింది. డ్యూటీ దిగి వస్తూ వస్తూ చీటీ తోసి, స్లిప్పు తీసుకుని, మాత్రలు తెచ్చుకునేది. మొదట మాత్రకి అలవాటు పడతారనుకుంటున్నారా? కాదండీ, ముందు కిటికీకి పడతారు.

ఏడాది తిరిగేసరికి పాపం ఆ చీటీ మడతల దగ్గర చిరగడం మొదలెట్టింది. అప్పుడు మా కుటుంబంలోని ఒక చురుకైన వ్యక్తి, సేవాభావం మెండుగా ఉన్న మనిషి, పేరెందుకులెండి, దాన్ని తీసుకెళ్ళి లామినేట్ చేయించి తెచ్చి ఇచ్చారు. ఎంత ముద్దుగా ఉందో! వాన తడపలేదు, చెమట అంటలేదు. కిటికీ క్లర్కు అది చూసి మురిసిపోయాడు. వెనకాల నిల్చున్నవాళ్ళకి ఎత్తి చూపించి, "చూడండి, పేషెంటంటే ఇలా ఉండాలి! మీరూ ఉన్నారు, ముద్దలు చేసి తెస్తారు" అన్నాడు.

పిన్ని ఆ రోజు నిజంగానే గర్వపడింది. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

రెండో ఏడు ఒకటి చాలలేదు, ఒకటిన్నరయింది. మూడో ఏడు రెండు. స్లిప్పు మీద ఎన్నో ఉండదు కదా, షాపాయన అడిగినన్ని ఇచ్చాడు. మాత్ర మాత్రం ఎంత నమ్మకస్తురాలో! పొద్దున కూడా వదలదు. పిన్ని లేచేది, స్నానం చేసేది, బస్సెక్కేది, కానీ పదింటిదాకా ఆవిడ ఇంకా మంచం మీదే ఉన్నట్టుండేది. తాళం వేసి, తాళంచెవి తలుపుకే వదిలేసి వచ్చేది. చెప్పిందే చెప్పేది. మేమంతా ఏమన్నాం? "వయసు కదా!" అన్నాం. యాభై ఆరేళ్ళకి! వయసంత అక్కరకొచ్చే వస్తువు ఇంకోటి లేదు. ఏది తప్పినా దాని నెత్తిన రుద్దేయొచ్చు.

రెండు నెలల కిందట ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకి పిన్ని ఎనభై పొరల గుడ్డ కోసింది. గీత ఒక్క చోట కూడా వంకర పోలేదు. అద్దంలా ఉంది. కుట్టే సెక్షన్‌కి వెళ్ళాక అక్కడ గోల మొదలైంది.

సూపర్‌వైజరు పిన్ని దగ్గరే పని నేర్చుకున్నవాడు. పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, కుట్టుకి అర అంగుళం ఎక్కడక్కా?"

"వదిలాను కదరా."

"వదల్లేదక్కా. చూడు."

"వదిలానంటుంటే! నాకు నేర్పుతున్నావా?"

"అక్కా, నీ మీదొట్టు, చూడు ఒక్కసారి."

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి పిన్ని మెడలోంచి టేపు తీసి కొలిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మిషన్లు ఆపేశారు. టేపు పెట్టిన చోటే చాలాసేపు పట్టుకుని నిల్చుందట.

సూపర్‌వైజరు అరవలేదు. అరిచినా బాగుండేదంటుంది పిన్ని. వాడు ఆవిడ చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూశాడు. "పది వేళ్ళూ ఉన్నాయక్కా. నాకు అవి కావాలి. చొక్కాలు పోతే పోనీ. నాలుగైదు నెలల్నుంచి పొద్దున నీ కళ్ళు చూస్తున్నాను, చెప్పలేక ఊరుకున్నాను. డాక్టరు దగ్గర లెటర్ పట్టుకురా, కత్తి పట్టుకోవచ్చని. అప్పటిదాకా ప్యాకింగ్‌లో కూర్చో."

ప్యాకింగంటే చొక్కాలు మడిచి కవర్లో పెట్టడం. మా పిన్నిని ప్యాకింగ్‌లో కూర్చోబెట్టడమంటే డ్రైవర్‌ని టికెట్లు చింపమన్నట్టు. "టేపక్క అని పిలిచిన నోటితోనే ప్యాకింగ్ అన్నాడు. టేపక్కట!" అంటూ ఇంటికొచ్చి, ఆ రోజే మాత్రల స్ట్రిప్పు చెత్తబుట్టలో పారేసింది. ఒక్క దెబ్బతో మానేస్తే లెటర్ దానంతటదే వస్తుందనుకుంది.

ఇక్కడే తెలుస్తుంది మాత్ర గొప్పతనం! వదిలేస్తానంటే ఊరుకునే రకమా అది? రెండో రోజుకి చేతులు వణకడం మొదలెట్టాయి. మూడో రోజుకి ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, గోడ గడియారం చప్పుడుకి కూడా ఉలికిపాటు. ప్యాకింగ్‌లో చొక్కాకి గుండీ పెట్టలేకపోయింది. ఎనభై పొరలు కోసిన చెయ్యి! నాలుగో రోజు మందుల షాపుకి తనే వెళ్ళింది. షాపాయన "ఏంటక్కా ఈ నెల కనపడట్లేదు, బెంగ పెట్టుకున్నాం" అన్నాడు. చూశారా ఎంత ఆప్యాయత! సొంతవాళ్ళు కూడా అలా అడగరు.

ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టి పిన్నిని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. కిటికీ దగ్గరికి కాదు. డాక్టరు క్యూకి, అదే రెండు గంటల క్యూకి.

డాక్టరు గారు పిన్నిని గుర్తుపట్టలేదు. తప్పేముంది, తొంభై సెకన్ల పరిచయం.

"ఎన్నాళ్ళుగా వాడుతున్నారు?"

"నాలుగేళ్ళయింది సార్."

"నాలుగేళ్ళా!" ఆయన కుర్చీలో ముందుకొచ్చారు. "నిద్రమాత్ర నాలుగేళ్ళు వాడతారా ఎవరైనా? ఎవరమ్మా మీకు రాసింది?"

"మీరే సార్."

పిన్ని హ్యాండ్‌బ్యాగు తెరిచి, లామినేట్ చేసిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ఫ్యాను గాలికి కూడా కదలలేదు. అంత గట్టిది! ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. "రాత నాదే. కానీ ఎన్ని రోజులో రాయకుండా నేనెప్పుడూ ఇవ్వను." బెల్లు కొట్టి కిటికీ క్లర్కుని పిలిచారు.

క్లర్కు చీటీ చూడగానే పాత మిత్రుణ్ణి చూసినట్టు నవ్వాడు. "ఇది మనదే సార్. మోడల్ పేషెంట్."

"నాలుగేళ్ళుగా ఇస్తూనే ఉన్నావా?"

"ఆపమని లేదు కదా సార్."

"ఇయ్యమని ఉందా?"

"ఆపమని లేదు సార్. ఆపమని లేనప్పుడు ఆపడానికి నేనెవర్ని సార్?"

చూడండి, ఎంత వినయం! ఈ దేశమనే కాదు, ఏ దేశమైనా ఇలాంటి వినయం మీదే నడుస్తుంది.

డాక్టరు గారు పాత కార్బన్ కాపీల పుస్తకం తెప్పించారు. పావుగంట వెతికితే పిన్ని కాగితం దొరికింది. మాత్ర పేరుంది. కింద, అడుగున, ఒక వరస చిన్న అక్షరాలు. ఆయన వేలు పెట్టి గట్టిగా చదివారు: "పది రోజులు మాత్రమే. తర్వాత వచ్చి కనిపించాలి."

ఆయన మొహం వెలిగిపోయింది! "చూశారా? నేను రాశాను! నా వైపు ఏ పొరపాటూ లేదు!" నిజమే. క్లర్కు వైపూ లేదు, షాపాయన వైపూ లేదు. అంతమంది నిర్దోషులు ఒకే గదిలో ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

పిన్ని మాత్రం ఎవరినీ చూడట్లేదు. బల్ల మీద పక్కపక్కనున్న రెండు కాగితాల్నీ చూస్తోంది. కార్బన్ కాపీ ఒకటి, లామినేట్ చేసింది ఒకటి.

"ఇది అర అంగుళం తక్కువుంది" అంది. టేపు ముట్టుకోలేదు.

డాక్టరు గారు ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు పెన్ను తీసి, మాత్ర ఎలా తగ్గించాలో ఆ చీటీ మీదే రాయబోయారు. పెన్ను జారింది. మళ్ళీ గట్టిగా నొక్కారు. ఇంకు బొట్టులా నిలబడి, వేలికంటుకుంది. అక్షరం పడలేదు. అప్పుడనిపించింది నాకు, ఈ మూడేళ్ళలో ఏ డాక్టరుకైనా బుద్ధి పుట్టి ఏదైనా రాద్దామనుకున్నా, దాని మీద రాసే వీలే లేదని!

"ఎవరమ్మా దీన్నిలా లామినేట్ చేయించింది?" విసుక్కున్నారాయన.

"నేనే సార్" అంది పిన్ని, నా వైపు కూడా చూడకుండా. "చిరిగిపోతోందని."

ఆయన కొత్త కాగితం తీశారు. ఒకేసారి మానేయకూడదని, ఒంటికి ప్రమాదమని, కొన్ని నెలల పాటు కొంచెం కొంచెం తగ్గిస్తూ, రెండు వారాలకోసారి తనకి కనపడాలని చెప్పారు. కిటికీకి కాదు, తనకి. రాస్తూ రాస్తూ ఆగి, తలెత్తి, నాలుగేళ్ళు ఆలస్యంగా ఆ ప్రశ్న అడిగారు. "అసలు మీకు నిద్ర ఎందుకు పట్టట్లేదమ్మా?"

పిన్ని హ్యాండ్‌బ్యాగు మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"చప్పుడు లేదు సార్" అంది.

ఆయనకి అర్థం కాలేదు. కానీ ఈసారి పెన్ను కింద పెట్టారు. బయట నలభై మందికి ఆ రోజు చాలా అన్యాయం జరిగింది. ఇరవై నిమిషాలు!

ఇప్పుడు మా కుటుంబంలోని ఆ చురుకైన వ్యక్తి సంగతి. మీరు ఎప్పుడో కనిపెట్టేసి ఉంటారు, నాకే చెప్పడానికి ఇంతసేపు పట్టింది.

జిరాక్స్ షాపులో ఆ రోజు షాపతను అడిగాడు, "కింద అంచు చిరిగిపోయింది మేడమ్, కట్ చేసేస్తే కవర్లో నీట్‌గా పడుతుంది, చెయ్యనా?" అని. "చేసెయ్యండి!" అన్నాను. ఆ ముక్క మీద ఏవో గీతలున్నాయి, చూశాను. డాక్టరు సంతకమేమో అనుకున్నాను. డాక్టర్ల రాత ఎవరు చదువుతారు? అంతకుముందు ఏడాదంతా కిటికీ క్లర్కు మాత్రం చదివాడా? అర అంగుళం ముక్క, గాలికి ఎగిరి బుట్టలో పడింది. పిన్ని చేతిలో పని నేర్చుకునే ఏ కుర్రదీ చెయ్యని తప్పు, ఆవిడ ఒళ్ళో పెరిగిన నేను చేశాను.

పోనీ, అంత శ్రమ ఎందుకు తీసుకున్నానంటారా? సేవాభావం అన్నాను కదా! అసలు విషయం చెబుతాను, వినండి. బాబాయి పోయిన కొత్తలో పిన్ని రోజూ భోజనాలయ్యాక నాకు ఫోన్ చేసేది. గంట మాట్లాడేది. బాబాయి గురక గురించి, బాబాయి చెప్పుల గురించి, మళ్ళీ గురక గురించి. నాకేమో ఫ్రెండ్స్, సిరీస్‌లు, నా పనులు. మాత్ర మొదలైన వారానికే ఫోన్లు ఆగిపోయాయి. తొమ్మిదింటికల్లా పడుకునేది కదా! అమ్మయ్య, పిన్నికి బాగైపోయింది అని ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ మాత్ర పిన్ని మింగింది, ప్రశాంతంగా పడుకున్నది మేము. అంత మంచి మందు ఉన్న చీటీ చిరిగిపోతుంటే లామినేట్ చేయించకుండా ఎలా ఉంటాం?

కాబట్టి నా పరీక్షలో ఆఖరి ప్రశ్న ఒకటి కలిపాను. డాక్టర్ల జాబితాల్లో ఎక్కడా లేదు. 'మీ ఇంట్లో మిమ్మల్ని ప్రేమగా చూసుకుంటూ, మీ మాట మాత్రం వినే తీరిక లేనివాళ్ళు ఉన్నారా?' దీనికి మార్కులు వేరే లెక్కపెట్టక్కర్లేదు. ఇదొక్కటుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

పిన్ని ఇంకా ప్యాకింగ్‌లోనే ఉంది. రెండు మాత్రలు ఒకటిన్నరకి వచ్చాయి. ఆ సగం మాత్ర తనే బ్లేడుతో కోస్తుంది. ఎనభై పొరల నుంచి ఒక్క మాత్రకి దిగొచ్చినా, రవ్వంత పొడి రాలదు. మందుల షాపాయన కోసే యంత్రం అమ్మబోతే, "నాకా?" అందట. లెటర్‌కి ఇంకా నెలలున్నాయి. సూపర్‌వైజరు ఆ బల్ల ఇంకెవరికీ రాసివ్వలేదు, కొత్తవాళ్ళని మార్చి మార్చి నిలబెడుతున్నాడు. పిన్ని ప్యాకింగ్‌లో కూర్చుని వాళ్ళు కోసిన చొక్కాలు మడుస్తూ, ఒక్కొక్కడికీ ఎక్కడ ఎంత తప్పిందో అక్కణ్ణుంచే కేకేసి చెబుతోందట.

ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. రోజూ, గంటసేపు. నిన్న గురకలో మూడు రకాలుంటాయని చెప్పింది. నేను సిరీస్ ఆపేసి విన్నాను. పూర్తిగా ఆపలేదు, సౌండు తీసేశాను. ఆవిడ కనిపెట్టేసింది. "బొమ్మ కూడా ఆపవే" అంది.

మొన్న ఆదివారం ఈ పరీక్ష ప్రింటు తీసి ఆవిడకి చూపించాను. బాగుందంది. ఉత్సాహం ఆపుకోలేక, "పిన్నీ, క్లినిక్ గోడకి పెట్టడానికి లామినేట్ చేయించనా?" అని నోరు జారాను.

పిన్ని నా చేతిలోంచి కాగితం లాక్కుని, కింద అంచు వైపు ఒక చూపు చూసింది.

"చేయించావంటే వేళ్ళు కోసేస్తాను. ముందు కింద అర అంగుళం వదిలి మళ్ళీ ప్రింటు తియ్యి."

"అక్కడేం రాస్తావు?"

"ఎప్పటిదాకా అన్నది" అంది. "పైనంతా మీరు రాశారు కదే, అదొక్కటీ నేను రాసుకుంటాను."